స్లాబు పక్కకి కూడా మోయాలి

పోయిన వేసవిలో కోనసీమలో ఓ అపార్ట్‌మెంటుకు మూడో స్లాబు వేసే రోజు. పొద్దున్న ఆరింటికే కాంక్రీటు కలిపే మిల్లరు వచ్చేసింది. కంకర, ఇసుక సిద్ధం. కూలీల టిఫిన్లు కూడా అయ్యాయి. చివరిసారి ఓ చూపు చూద్దామని సెంట్రింగ్ మీదికెక్కితే లిఫ్టు దగ్గర నా కాలు ఆగిపోయింది. లిఫ్టుకు మూడు వైపులా కాంక్రీటు గోడ. దానికి ఎడమ పక్క మెట్ల ఖాళీ, కుడి పక్క పైపుల డక్టు. గోడను స్లాబు తాకేది వెనక వైపు ఒక్కచోటే, అదీ నాలుగడుగుల పట్టీ. ఆ పట్టీలో వేసిన 8 ఎంఎం చువ్వలు గోడ దాకా వచ్చి, లోపలికి దిగకుండా అక్కడే ఆగిపోయాయి.

మేస్త్రిగారిని అడిగాను. "ఆయ్, కింద బీము ఉంది కదండీ, స్లాబు ఎక్కడికి పోద్ది? తొంభయ్యారు తుపానుకే మన స్లాబులు కదల్లేదు" అన్నారు.

ఆయన అన్నది అబద్ధం కాదు. డెల్టాలో స్లాబు మీద మనకున్న నమ్మకమంతా తుపానుల్లోంచి వచ్చిందే.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పంట పెరిగి, చేతిలో నాలుగు డబ్బులు ఆడి, మండువా లోగిళ్లు లేచాయి. ఏజెన్సీ టేకు గోదావరి మీద తేలుతూ కిందికి వచ్చేది. స్తోమతున్నవాళ్లకు పెంకుటిల్లు, లేనివాళ్లకు తాటాకిల్లు. తర్వాత టేకు దూలాల మీద ఇటుకలు నిలబెట్టి, సున్నంతో పేర్చిన మిద్దెలు వచ్చాయి. కాంక్రీటు డాబా చాలాకాలం షావుకారుగారి హోదాగానే ఉండిపోయింది. 1977 నవంబరులో దివిసీమను ఉప్పెన ముంచేశాక తీరం వెంట కాంక్రీటు తుపాను షెల్టర్లు కట్టారు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో వెయ్యిమందికి పైగా పోయారు, కొబ్బరిచెట్లు లక్షల్లో కూలాయి. తెల్లారి చూస్తే పెంకులు ఎగిరిపోయిన ఇళ్ల మధ్య డాబాలు నిలబడి ఉన్నాయి. అప్పట్నుంచి అప్పు చేసైనా స్లాబు వేయాల్సిందే అన్నది ఇక్కడ ఇంటింటి మాటయింది.

గాలి ఇంటికప్పును పైకి లాగుతుంది. అందుకని గాలివానకు బరువైన కప్పు మంచిది. భూకంపం దగ్గర లెక్క తిరగబడుతుంది. నేల పక్కకు జరిగితే ఇల్లు దాంతోపాటు వెంటనే జరగదు. ఎంత బరువుంటే అంత మొండికేస్తుంది. పెంకుల కప్పు, వాసాలతో కలిపి కూడా చదరపు మీటరుకు వంద కిలోలు దాటదు. అయిదంగుళాల స్లాబు మూడు వందల పైచిలుకు. 1200 చదరపు అడుగుల ఇంటికి ఒక్క స్లాబే 35 టన్నుల దాకా తూగుతుంది. బీములు, గోడలు, పైన టైల్సు ఆ లెక్కలో లేవు. భూకంప ముప్పు ఓ మోస్తరుగా ఉన్న ప్రాంతాన్ని జోన్ 3 అంటారు. అక్కడ మామూలు ఫ్రేము చిన్న భవనానికి 2002 నాటి మన భూకంప కోడు (నియమావళి) ప్రకారం లెక్కగట్టిన పక్కబలం, అంటే పక్కకు తోసే బలం, బరువులో ఆరేడు శాతం. అంటే ఈ స్లాబు బరువు నుంచే రెండు టన్నులకు పైగా. భవనం అక్కడక్కడా సాగి, వంగి దెబ్బ తట్టుకుంటుందన్న లెక్కతో తగ్గించిన అంకె అది. అసలు ఊపు వచ్చినప్పుడు ఇంతకు కొన్ని రెట్లు ఉండొచ్చు.

ఆ బలం పుట్టేది ఎక్కువగా స్లాబులోనే. మోయాల్సింది పిల్లర్లూ గోడలూ. ఇక్కణ్ణుంచి అక్కడికి చేర్చే పని మళ్లీ స్లాబుదే. ఇంజనీర్లు దీన్ని డయాఫ్రమ్ అంటారు. బళ్లో ఉదరవితానం అని చదువుకున్నామే, ఇంగ్లీషులో దానికీ ఇదే పేరు. నాకైతే నవారు మంచం ఉదాహరణే సులువనిపిస్తుంది. నాలుగు కోళ్లు విడివిడిగా ఊగకుండా పట్టెలూ నవారూ కలిసి బిగించి ఉంచుతాయి. స్లాబు అంచుల్లోని బీములు పట్టెల్లాంటివి. స్లాబు పక్కకు వంగినప్పుడు ఒక అంచు సాగుతుంది, ఎదుటి అంచు నొక్కుకుంటుంది. మధ్యలో నవారు తెగితే మంచం ఏమవుతుందో మెట్లకనీ డక్టుకనీ పెద్ద కంత పెడితే స్లాబూ అంతే.

ఇంకో పనుంది, ఎక్కువమంది మరిచేది అదే. స్లాబంతా పరుచుకుని ఉన్న బలం గోడ ఉన్నచోటికి చేరాలి. చేలల్లో నిలిచిన నీళ్లు ముందు మురుగు బోదెలోకి, బోదె నుంచి డ్రైన్లోకి పోవాలి కదా. స్లాబులో ఆ బోదె పని చేసేది గోడ వరసలో సాగే బీములోని చువ్వలు. వాటిని కలెక్టర్లంటారు (జిల్లా కలెక్టరు కాదు). బోదెకు డ్రైనుకు మధ్య గట్టు అడ్డం ఉంటే చేను మునుగుతుంది. మా లిఫ్టు గోడ దగ్గర చువ్వలు ఆగిపోయిన చోటు అలాంటి గట్టే.

పక్కబలాన్ని బరువులో ఇంత వంతు అని లెక్కగట్టడం 1908లో ఇటలీలోని మెసీనా భూకంపం తర్వాత మొదలైంది. మన దేశంలో ఈ దారి తొక్కినవారిలో ముందుగా చెప్పాల్సింది ఎస్.ఎల్. కుమార్ అనే రైల్వే ఇంజనీరు గురించి. 1931లో బలూచిస్తాన్‌లో భూకంపం వచ్చాక ఆయన రైల్వే క్వార్టర్లను పాత రైలు పట్టాలు నిలబెట్టి, గోడల్నీ కప్పునూ పట్టీలతో బిగించి కట్టించారు. 1935 మే 31న క్వెట్టా నేలమట్టమైనప్పుడు ఆ క్వార్టర్లు నిలిచాయి. కప్పునూ గోడల్నీ ఒకటిగా కట్టిపడేయాలన్న ఆలోచన అప్పటికే ఇక్కడ ఉందన్నమాట. తర్వాత కాంక్రీటు వచ్చింది. స్లాబూ బీమూ ఒకేసారి పోస్తాం కాబట్టి కలిసే ఉంటాయిలే అన్న ధీమా కూడా దాంతోపాటే వచ్చింది.

మన భూకంప కోడు ఐఎస్ 1893 (అది నంబరు, సంవత్సరం కాదు) మొదట 1962లో వచ్చింది. 1967 డిసెంబరులో మహారాష్ట్రలోని కొయ్నా అదిరింది. అంతకుముందు దక్కను నేల కదలదన్న నమ్మకం గట్టిగా ఉండేది. 1969 ఏప్రిల్ 13న మన గోదావరి పక్కనే, భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో భూమి కదిలింది. 1970లో జోన్ల పటాన్ని మార్చారు. గోదావరి లోయ మొదట్నుంచీ నేల లోపలి పగుళ్ల మీద ఉన్నదే. 2024 డిసెంబరు 4న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో వచ్చినప్పుడు విజయవాడ, ఏలూరు వైపు జనం ఇళ్లలోంచి బయటికి వచ్చేశారు. రెండ్రోజులు టీవీల్లో అదే మాట, తర్వాత మామూలే.

మనం నిజంగా చూసి నేర్చుకోవాల్సింది అహ్మదాబాద్‌ను. 2001 జనవరి 26 పొద్దున్న భుజ్ దగ్గర 7.7 తీవ్రతతో వచ్చింది. అహ్మదాబాద్ అక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైనే. అయినా ఆ ఊళ్లో పదుల సంఖ్యలో అపార్ట్‌మెంట్లు కూలాయి. అదీ జోన్ 3 ఊరే. నది మేటవేసిన ఒండ్రు మీద కట్టిన ఊరే. కింద కార్లకు ఖాళీ, పైన గదులు, ఇక్కడ భీమవరంలోనో కాకినాడలోనో కడుతున్నట్టే. ఒండ్రు నేల ఊపును పెంచుతుంది. తీరం దగ్గర ఇసుక మేటల్లో నీరు పైనే ఉంటుంది కాబట్టి, గట్టిగా ఊగితే నేల బురదలా జారిపోయే ప్రమాదం కూడా ఉంది. అహ్మదాబాద్ భవనాల్లో ఎక్కువ వాటిని కూల్చింది బలంలేని కింది అంతస్తు. దాంతోపాటు లిఫ్టు గోడకు స్లాబును సరిగా కట్టకపోవడం కూడా పరిశీలనకు వెళ్లినవాళ్ల కంటబడింది. ఊపు మోయడానికే ఉన్నట్టు కనిపించే గోడ ఒకవైపు, భవనం ఇంకోవైపు.

ఇదే లోపం న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌లో మరీ దారుణంగా బయటపడింది. అక్కడి సీటీవీ భవనం ఆరంతస్తులది, 1986లో మొదలెట్టి కట్టారు. ఉత్తరం వైపు లిఫ్టు, మెట్ల చుట్టూ కాంక్రీటు గోడలు. 1990లో కొనుగోలుకు ముందు పరిశీలిస్తే ఆ గోడలకు స్లాబు కట్టు చాలదని తేలింది. మరుసటి ఏడాది పై మూడు అంతస్తులకు ఇనుప పట్టీలు బిగించారు. 2011 ఫిబ్రవరి 22 మధ్యాహ్నం భూకంపం వచ్చి ఆ భవనం కూలినప్పుడు అందులో 115 మంది చనిపోయారు. అంతస్తులన్నీ అట్ల దొంతరలా ఒకదానిమీద ఒకటి పడ్డాయి. ఉత్తరపు గోడలు మాత్రం ఒంటరిగా నిలబడి ఉన్నాయి. పిల్లర్లలో రింగులు చాలకపోవడంలాంటి వేరే కారణాలూ ఉన్నాయి గానీ, భవనాన్ని మోయాల్సిన గోడ నిలిచి భవనం లేకుండా పోయిన ఆ ఫోటో చూసినవాళ్లు ఎవరూ మరిచిపోలేరు.

విడి పలకలు తెచ్చి పేర్చిన కప్పులకు ఇంకా ముప్పు. 1988లో ఆర్మీనియాలో, 1994లో కాలిఫోర్నియాలోని నార్త్‌రిడ్జ్ పార్కింగ్ భవనాల్లో అది తేలింది. నార్త్‌రిడ్జ్‌లో పలకల మీద పోసిన పల్చటి కాంక్రీటులోని ఇనుప జాలీ అతుకుల దగ్గర తెగిపోయింది. ఆ తర్వాత అమెరికా కోడు మారుతూ వచ్చి, 2014 కూర్పులో డయాఫ్రమ్‌లకు విడిగా ఓ అధ్యాయమే పెట్టారు. పిల్లరూ గోడా కొంత దెబ్బతిన్నా సరే, స్లాబు మాత్రం వాటికంటే ముందు చెడిపోకూడదన్నది అక్కడి పద్ధతి.

మన కోడు దీని గురించి పొదుపుగానే మాట్లాడింది. స్లాబు పక్కకు ఎంత వంగితే గట్టిది కాదనుకోవాలన్న హద్దును 2002లో దాని సగటు కదలికకు 1.5 రెట్లుగా పెట్టి, 2016లో 1.2 రెట్లకు తగ్గించారు. అసలు చిక్కు కంప్యూటర్‌లో ఉంది. స్లాబును రిజిడ్ డయాఫ్రమ్ (అసలు వంగని పలక) అని ఒక్క క్లిక్ కొడితే లెక్క ఇట్టే తేలిపోతుంది. పిల్లర్లన్నీ స్లాబుతోపాటు ఒకటిగా కదులుతాయి. అయితే అలా కొట్టినప్పుడు బీముల్లో పొడుగునా లాగే బలం సున్నా అని చూపిస్తుంది. లేకనా? లెక్కే కట్టలేదు కాబట్టి. డ్రాయింగు మీద ఆ చువ్వలు రాకపోవడానికి సగం కారణం ఇదే. ఆ తప్పు మేస్త్రులది కాదు, మా ఇంజనీర్లది. లిఫ్టు పక్కనే మెట్లు, దాని పక్కనే డక్టు పెడితే ఫ్లాట్ల స్థలం కలిసొస్తుందని ప్లాను గీసేవాళ్ల లెక్క. వాస్తు కోసం ఒక మూల కోసేయడం, బాత్రూముల దగ్గర స్లాబును అడుగు కిందికి దింపడం అలాంటివే. ఒక్కొక్కటీ చిన్నదే, అన్నీ ఒకే గోడ చుట్టూ చేరితేనే ముప్పు. గోడలూ స్లాబూ ఒకేసారి పోసే ప్రభుత్వ టిడ్కో ఇళ్ల పద్ధతిలో ఈ అతుకు బాధ చాలావరకు ఉండదు.

ఆ రోజు మిల్లరు ఆపించాం. ఓనరుగారు వాచీ చూసుకుంటూ నిలబడ్డారు. గోడలో రంధ్రాలు తొలిచి, దుమ్ము ఊదేసి, కెమికల్ పోసి 16 ఎంఎం చువ్వలు దింపాం. ఆ కెమికల్ గట్టిపడే లోపు గోడ వరసలోని బీము పొడుగునా నాలుగు చువ్వలు అదనంగా వేసి, మెట్ల కంత మూలల్లో ఏటవాలుగా రెండేసి కట్టించాం. చువ్వల కోసం కుర్రాడు బండేసుకుని రెండుసార్లు కొట్టుకు వెళ్లొచ్చాడు. స్లాబు మొదలయ్యేసరికి పన్నెండున్నర దాటింది. మధ్యాహ్నానికి తెప్పించిన బిర్యానీ సాయంత్రం నాలుగింటికి తిన్నాం. కింది రెండు స్లాబుల దగ్గర ఆ గోడకు బయటినుంచి ఇనుప ప్లేట్లు బిగించే పని ఇంకా నడుస్తోంది.