కీబోర్డు బొమ్మ వేరు, అక్షరం వేరు: అపోహలు - వాస్తవాలు

"అన్నా, షిఫ్ట్ పట్టి 2 నొక్కితే @ వస్తలేదు, కొటేషన్ గుర్తొస్తుంది. కీబోర్డు ఖరాబైనట్టుంది."

హన్మకొండ డీటీపీ షాపులవాళ్లు, టైపింగ్ పరీక్షకు తయారయ్యే పిల్లలు నన్ను అడిగేది ఎక్కువగా ఇదే. ఏం ఖరాబు కాలే. సిస్టమ్‌లో ఇంగ్లిష్ యూకే లేఅవుట్ ఎక్కి కూసుంది. అందులో ఆ రెండు గుర్తులు ఒకదాని చోట ఒకటి ఉంటాయి. కీబోర్డు పంపేది మీట నంబరే. అది ఏ అక్షరమో తేల్చేది లేఅవుట్. దాన్ని మార్చకుండా కొత్త కీబోర్డు తెచ్చి పెట్టినా మళ్లీ ఆ కొటేషనే వస్తది. పైసలు దండగ.

అపోహ: సెట్టింగ్స్‌లో కీబోర్డు మోడల్ (104 మీటలదా, 105 మీటలదా) సరిచేస్తే అక్షరాలు సరైతాయి.

ఇది కోడ్ రాసేవాళ్లను కూడా వదల్లేదు. టైపింగ్ నేర్పే సాఫ్ట్‌వేర్ కోసం తెర మీద కీబోర్డు గీయడం నా పని. లినక్స్‌లో అందుకు ఎక్స్‌కేబీ జియోమెట్రీ ఫంక్షన్లున్నాయి (ఎక్స్‌కేబీ అంటే లినక్స్‌లో కీబోర్డు సంగతి చూసే వ్యవస్థ, జియోమెట్రీ అంటే అందులో కీబోర్డు బొమ్మ వివరం): షేపులు చేర్చాలి, సెక్షన్ చేర్చాలి, సెక్షన్‌లో రో (వరుస), రోలో కీ (మీట). ఆ కీ స్ట్రక్చర్ తెరిచి చూడండి. పేరు, పక్క మీట నుంచి గ్యాప్, షేప్ నంబరు, రంగు నంబరు. నాలుగే. అక్షరం ఏది? అది ఎక్స్‌కేబీలోనే సింబల్స్ అనే వేరే విభాగంలో ఉంటది. రెంటినీ కలిపేది ఆ పేరొక్కటే.

కాజీపేట నుంచి ఇంజనీరింగ్ చదివే తమ్ముడొకడు వచ్చిండు, ప్రాజెక్టు గడువు దగ్గర పడి మొహం పీక్కుపోయింది. 'క'ను వేరే మీటకు మార్చాలని రోజుల తరబడి జియోమెట్రీలో గ్యాపులు మారుస్తున్నడు. ఏదో వీడియోలో అట్ల చెప్పిన్రట. చూసి చెప్పేటోళ్లు ఒక్కసారన్నా నడిపి చూడరా? ప్లాను కాగితం మీద తలుపు జరిపితే ఇంట్లో తలుపు జరుగుతదా! సింబల్స్ ఫైల్లో ఏసీ08 అనే మీట పేరు చూపించిన, ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక తెలుగు లేఅవుట్‌లో 'క' అక్కడుంటది. ఒక్క లైను మార్చంగనే పని అయిపోయింది.

ఇంకా నమ్మకం కుదరకపోతే లిబ్ఎక్స్‌కేబీకామన్ చూడండి, వేలాండ్ (లినక్స్‌లో తెరను నడిపే కొత్త పద్ధతి) మీద మీటను అక్షరంగా మార్చే లైబ్రరీ అది. అది జియోమెట్రీని అసలు పట్టించుకోదు. అయినా వేలాండ్ డెస్క్‌టాపుల మీద అందరూ టైపు చేస్తనే ఉన్నరు.

మోడల్‌తో మారేది ముఖ్యంగా బొమ్మ, కొన్నింట్లో మల్టీమీడియా మీటలు. ఒక్క జాగ్రత్త: 105 మీటల కీబోర్డుకు ఎడమ షిఫ్ట్ పక్కన ఒక మీట ఎక్కువ. మీ లేఅవుట్ అక్కడ అక్షరం పెడితే 104 వాడేవాళ్లకు అది అందదు.

అపోహ: తెలుగు టైపింగ్‌కు తెలుగు అక్షరాలు అచ్చయిన కీబోర్డే కావాలి. అవసరం లేదు, స్టిక్కర్లు చాలు. చేయి తిరిగినంక అవీ వద్దు.

అపోహ: ఫర్మ్‌వేర్‌లో (కీబోర్డు లోపల నడిచే ప్రోగ్రాంలో) మ్యాట్రిక్స్, అంటే మీటల వైర్ల అల్లిక, వరుసలే కంటికి కనిపించే వరుసలు. కావు, అవి వైరింగ్ వరుసలు. క్యూఎంకే అనే ఫర్మ్‌వేర్‌లో లేఅవుట్ మాక్రో ఉన్నదే ఆ రెంటినీ జత చేయడానికి.

అపోహ: ఎక్స్‌కేబీ జియోమెట్రీలో కొలతలన్నీ మిల్లీమీటర్లే. ఫైల్లో రాసేటప్పుడు అవును. సీ ఫంక్షన్లకు ఇచ్చేటప్పుడు మిల్లీమీటరులో పదో వంతు లెక్క. అక్కడ 18 అని ఇస్తే మీట ఆవగింజంత వస్తది, 180 ఇవ్వాలి. కోణాలూ అంతే, డిగ్రీలో పదో వంతు.