మలేరియా మాత్ర లూపస్‌కు మందైన కథ

2020లో హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రలు మందుల షాపుల్లో ఒక్కసారిగా కరవయ్యాయి. కోవిడ్‌కు పనిచేస్తుందన్న ప్రచారమే కారణం. పనిచేయదని కొద్ది నెలల్లోనే పరీక్షల్లో తేలింది. ఈలోగా హడలిపోయింది మాత్రం లూపస్ రోగులు, అంటే సొంత రోగనిరోధక శక్తే ఒంటి మీద దాడి చేసే జబ్బున్నవాళ్లు. మలేరియా మాత్ర కోసం వాళ్లకెందుకంత కంగారు?

లూపస్ అంటే లాటిన్‌లో తోడేలు. ముఖం మీది పుండ్లు తోడేలు కొరికినట్టున్నాయని ఆ పేరు వచ్చిందంటారు. చాలాకాలం దాన్ని చర్మవ్యాధిగానే చూశారు. లోపలి అవయవాలనూ వదలదని 1872లో వియన్నా వైద్యుడు కపోసీ వివరించాడు. 1894లో లండన్‌లో పేన్ అనే వైద్యుడు క్వినైన్ ఇచ్చి చూశాడు. గుణం కనిపించింది, కారణం మాత్రం అంతుపట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో మలేరియా రాకుండా మెపాక్రిన్ మింగిన సైనికుల్లో కొందరికి దద్దుర్లు, కీళ్ల నొప్పులు తగ్గాయి. ఆ కోవకే చెందిన హైడ్రాక్సీక్లోరోక్విన్‌కు 1955లో అమెరికాలో అనుమతి లభించింది.

రోగం గుట్టు 1948లో బయటపడసాగింది. అమెరికాలోని మేయో క్లినిక్ ఆస్పత్రిలో హార్‌గ్రేవ్స్ బృందం ఎముక మజ్జను సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే, ఒక తెల్లకణం మరో కణపు కేంద్రకాన్ని మింగి ఉంది. ఆ ముద్ద ధాటికి దాని సొంత కేంద్రకం అంచుకు ఒదిగిపోయింది. మన కణాల కేంద్రకాల మీదే మన యాంటీబాడీలు దాడి చేస్తున్నాయని తర్వాతి పదేళ్లలో స్పష్టమైంది.

అదే ఆస్పత్రి నుంచి వచ్చిన కార్టిజోన్ అనే స్టిరాయిడ్ ఎన్నో ప్రాణాలు నిలిపింది. ప్రతిగా ముఖం ఉబ్బింది, ఎముకలు గుల్లబారాయి. స్టిరాయిడ్‌ను (ప్రెడ్నిసొలోన్ లెక్కలో) రోజుకు 5 మిల్లీగ్రాములకు మించనీయవద్దని, వీలైతే మాన్పించాలని ఐరోపా నిపుణుల సంఘం యూలార్ 2023లో సూచించింది. కిడ్నీలు దెబ్బతింటే రోగనిరోధక శక్తిని అణచే మైకోఫినొలేట్ వంటి మందులు వాడతారు. లూపస్ కోసమే రూపొందించిన మందు బెలిముమాబ్ 2011లో గానీ రాలేదు.

ఇన్ని వచ్చినా పాత మాత్ర పక్కకు పోలేదు. బరువులో కిలోకు రోజుకు సుమారు 5 మిల్లీగ్రాములు, కంటిలోని రెటీనాకు క్రమం తప్పని పరీక్ష: షరతులు అంతే. 'బాగానే ఉన్నాను కదా' అని దాన్ని ఆపేసేవాళ్లకు 1991 నాటి కెనడా అధ్యయనం చూపించాలి. ఆ మాత్ర వాడుతూ రోగం అదుపులో ఉన్న 47 మందిలో కొందరికి అసలు మాత్ర, మిగతావారికి ఉత్తుత్తి మాత్ర 24 వారాలు ఇచ్చారు. మాత్ర కొనసాగినవారితో పోలిస్తే, మందు ఆగినవారికి రోగం తిరగబెట్టే ముప్పు రెండున్నర రెట్లు ఉంది.