మార్గెరిటా రాణి, ఆ పిజ్జా, మనవాళ్ల తిప్పలు

నేపుల్స్‌లో మన తెలుగు గ్రూపులను తిప్పడం నా పని. బస్సు దిగీ దిగగానే ఒకటే మాట: "బాబూ, రాణిగారు పేరు పెట్టిన ఆ పిజ్జా కొట్టు ఎక్కడ?"

అపోహ: మార్గెరిటా పిజ్జా 1889లో రాణి కోసమే పుట్టింది, పేరు ఆవిడే పెట్టింది, అసలుది తినాలంటే ఆ ఒక్కచోటే తినాలి.

వాస్తవం: దీన్ని నమ్మి మిట్టమధ్యాహ్నం ఎండలో క్యూలో నిలబడి, కపోడిమోంటె మ్యూజియానికని ఉంచుకున్న పూటంతా పోగొట్టుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఇటలీ రాజు ఉంబెర్టో భార్య మార్గెరిటా ఆ ఏడాది జూన్‌లో ఇక్కడ ఉన్నప్పుడు పిజ్జాలు చేసే రాఫాయెలె ఎస్పోసితో మూడు రకాలు చేసి పంపాడని, టమాటా, మొజరెల్లా, బేసిల్ ఆకు వేసింది ఆవిడకు బాగా నచ్చిందని చెప్పుకుంటారు. రుజువు ఏదంటే ఆ కొట్టే, అంటే బ్రాండి పిజ్జేరియాలో పెట్టిన, రాణి కొలువు నుంచి వచ్చిందనే ఉత్తరం చూపిస్తారు. చదివితే అందులో ఉన్నది ఇంతే: రాణిగారి కోసం చేసిన మూడు రకాలూ చాలా బాగున్నాయట. ఏది ఎక్కువ నచ్చిందో లేదు, పేరు ఊసే లేదు. ఆ చేతిరాతనే అనుమానించి ఉత్తరం నకిలీదనే చరిత్రకారులూ ఉన్నారు. అదంతా పక్కన పెట్టినా, మొజరెల్లా, బేసిల్ వేసిన పిజ్జా గురించి అంతకు ఇరవై ఏళ్లకు పైగా ముందే ఇక్కడి జనజీవనం మీద వచ్చిన పుస్తకంలో ఉంది. అప్పటికి ఆవిడకు పెళ్లే కాలేదు, ట్యూరిన్‌లో ఉంది.

మరి కథ ఇంతగా ఎలా అల్లుకుంది? 1860లో దక్షిణాన్ని కలుపుకున్న రాజవంశానికి ఇక్కడి జనం అభిమానం కావాలి. కొడుకును 1869లో నేపుల్స్‌లోనే కన్నారు, నేపుల్స్ యువరాజు అని బిరుదిచ్చారు. అయినా 1878లో ఇదే ఊళ్లో రాజు మీద ఒకడు కత్తి దూశాడు. అలాంటి చోట రాణి పేదల తిండి మెచ్చుకుందంటే ఎవరికి చేదు?

మొన్న ఒక పెద్దావిడ మాంసం తగులుతుందేమోనని టెన్షన్ పడి బిస్కెట్లతో సరిపెట్టుకుంటున్నారు. "అమ్మా, మార్గెరిటాలో మాంసం ఉండదు, కాకపోతే ఇక్కడి మొజరెల్లా చీజ్ కోసం పాలు విరగ్గొట్టడానికి చాలాచోట్ల దూడ పొట్టలోంచి తీసిన పదార్థం వాడతారు, అది ఇబ్బందైతే మరినారా తీసుకోండి, చీజే ఉండదు, టమాటా, వెల్లుల్లి, ఓరెగానో, నూనె, అంతే" అన్నాను. మొత్తం తిని, కారప్పొడి లేదా అని అడిగారు.

మిగతావి గబగబా చెప్పేస్తా. మార్గెరిటా పాపం రాజకీయాలు తెలియని రాణి అంటారు, కాదు. 1900లో భర్త మోన్జాలో హత్యకు గురయ్యాక కూడా పట్టు వదల్లేదు, ఫాసిస్టు నాయకుడు ముస్సోలినీని సమర్థించింది. అస్సాంలోని మార్గెరిటా ఊరు పిజ్జా పేరు కాదు, అక్కడ రైలు పని చూసిన ఇటాలియన్ ఇంజినీరు గౌరవార్థం రాణి పేరే పెట్టారు.

ఇంకొకటి, ఆల్ప్స్‌లోని మోంటె రోజా కొండ మీద రాణి పేరున ఉన్న గుడిసెకు కేబుల్ కారులో పోయి టీ తాగి రావచ్చట! 1893లో ఆవిడ వెళ్లింది నిజమే. కానీ అది 4,554 మీటర్ల ఎత్తు, మంచు మీద గైడుతో తాడు కట్టుకుని నడవాలి. బీపీ మాత్రలు వేసుకునే నాన్నగార్లను కూడా ప్యాకేజీలో చేర్చేస్తామనే ఏజెంటుకి అడ్వాన్స్ ఇవ్వకండి.