ఆఫీస్ మెయిల్‌లో స్పామ్: అపోహలు - వాస్తవాలు

మా ఆఫీసులో మెయిల్ అడ్మిన్ పని నాదే, పొద్దున్నే సీట్లో కూర్చోగానే వచ్చే ఫోన్ ఒకటే, "ఇన్‌బాక్స్ నిండా చెత్తే బాబూ, ఏదో ఒకటి చెయ్యి" అని. చేస్తా గానీ ముందు ఇవి వినండి.

అపోహ: చెత్త పంపిన ప్రతి అడ్రస్‌నీ బ్లాక్ చేస్తే సరిపోద్ది.

అకౌంట్స్ సెక్షన్‌లో ఒకాయన ఏళ్ల తరబడి ఇదే చేశాడు, లిస్ట్ చాంతాడంత అయింది, స్పామ్ మాత్రం తగ్గలా. ఎందుకంటే ఫ్రమ్ అడ్రస్ అనేది పోస్ట్ కవర్ మీద రాసేది లాంటిదే, ఎవరి పేరైనా రాసెయ్యొచ్చు, రేపు ఇంకో పేరు. బ్లాక్, డిలీట్ కాదు, రిపోర్ట్ జంక్ నొక్కండి, ఫిల్టర్‌కి తెలిసేది అలాగే.

అపోహ: అన్‌సబ్‌స్క్రైబ్ అస్సలు నొక్కకూడదు.

సగమే నిజం. ఎప్పుడో వెబినార్‌కి మీరే మెయిల్ ఐడీ ఇచ్చారు, వాళ్లదైతే నిక్షేపంగా నొక్కండి. పర్సనల్ జీమెయిల్ అకౌంట్లకి రోజుకి 5000 పైన మెయిల్స్ పంపేవాళ్లు ప్రమోషన్ మెయిల్స్‌లో ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్ పెట్టాల్సిందేనని గూగుల్ 2024లో రూల్ తెచ్చింది, దాని పుణ్యాన ఆఫీస్ ఐడీకి వచ్చే వాటిలో కూడా చాలావాటికి ఆ బటన్ పైనే కనిపిస్తోంది. ముక్కూ మొహం తెలీనోళ్ల మెయిల్ లోపలున్న లింక్ మాత్రం ముట్టుకోవద్దు, నొక్కారంటే ఇక్కడ మనిషున్నాడని మీరే చెప్పినట్టు.

అపోహ: ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ పెట్టించాం, ఇక స్పామ్ రాదు.

ఇది చెప్పేది ఎక్కువగా ఓనర్లే. అవి మెయిల్ నిజంగా ఆ డొమైన్ (ఐడీలో @ తర్వాత ఉండే పేరు) నుంచే వచ్చిందా అని చెక్ చేయించే సెట్టింగులు. ఉన్నది మీ డొమైన్ పేరు వాడుకుని వేరేవాళ్లు మెయిల్స్ పంపకుండా, అంతేగానీ బయటి చెత్త ఆపడానికి కాదు. అదీ డీమార్క్ పాలసీ, అంటే చెక్‌లో ఫెయిలైన మెయిల్‌ని ఏం చెయ్యాలో చెప్పేది, "నన్" (ఏమీ చెయ్యొద్దు) అని వదిలేస్తే రిపోర్టులు వస్తాయంతే, దొంగ మెయిల్ దర్జాగా లోపలికొస్తది. రిపోర్టులు కొన్నాళ్లు చూసి, మీ పేరోల్, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ల మెయిల్స్ పాస్ అవుతున్నాయని తేల్చుకున్నాక క్వారంటైన్‌కి (జంక్‌లో పడెయ్యమని), తర్వాత రిజెక్ట్‌కి (అసలు తీసుకోవద్దని) మార్చాలి. ఒకసారి మా ఆఫీసులో ఒకమ్మాయికి ఎండీ గారి పేరుతో "అర్జెంటుగా గిఫ్ట్ కార్డులు కొను" అని మెయిల్ వచ్చింది, అడ్రస్ చూస్తే ఎవరిదో జీమెయిల్, నిజంగా జీమెయిల్ నుంచే వచ్చింది కాబట్టి డీమార్క్ శుభ్రంగా పాస్! ఫోన్‌లో పేరొక్కటే కనిపించింది, పాపం ఆ అమ్మాయి కొనడానికి బయల్దేరింది కూడా.

అపోహ: ఫిల్టర్ ఎంత టైట్ చేస్తే అంత మంచిది.

చేసి చూశాం. కస్టమర్ పర్చేజ్ ఆర్డర్ జంక్‌లో పడి వారం ఉంది, సేల్స్ మేనేజర్ గారు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు.