డబ్బా ఒకటే, లోపలి సరుకు వేరు

తెల్లవారుజామున ఐదు దాటాక విశాఖ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే కెమెరాకి తీరికుండదు. ఒకదాన్నొకటి ఆనుకున్న బోట్లు, తడి గంపలు, వేలంపాట కేకలు, నెత్తి మీద తిరిగే గద్దలు. ఓ రోజు ఒక గద్ద నీళ్ల మీదికి వాలుతుంటే వరసగా తీద్దామని బటన్ నొక్కి పట్టాను. ఏడో ఎనిమిదో ఫొటో దగ్గర కెమెరా ఆగిపోయింది. నిమిషం ముందే చూశాను, బ్యాటరీ సగం పైనే ఉంది. ఆపి మళ్లీ ఆన్ చేస్తే మళ్లీ సగమే చూపించింది. గద్ద మాత్రం చేపతో సహా వెళ్లిపోయింది.

అది కెమెరా కంపెనీది కాదు, వేరే కంపెనీ బ్యాటరీ. కొన్నప్పుడు షాపతను చెప్పిన మాట ఇప్పటికీ గుర్తే: "ఏటన్నా, కంపెనీదొకటి కొనే డబ్బుకి ఇవి మూడొస్తాయి. పైగా దీని మీద ఎంఏహెచ్ ఎక్కువ రాసుంది, చూసుకోండి."

చూసుకున్నాను. మనలో చాలామంది చూసేది ఆ అంకెనే. కానీ ఎంఏహెచ్ (మిల్లీ ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ సామర్థ్యం) అనేది మేడ మీద ట్యాంకులో ఎన్ని నీళ్లున్నాయో చెప్తుందంతే. కింద కుళాయిలో ధార ఎలా వస్తుందో చెప్పదు. పైపు పాచి పట్టి ఉంటే ట్యాంకు నిండుగా ఉన్నా బకెట్ నిండదు. బ్యాటరీలో ఆ పాచి పేరు అంతర్గత నిరోధం.

లెక్క వేసి చూద్దాం. పెద్ద కెమెరాల బ్యాటరీల్లో సాధారణంగా రెండు లిథియం అయాన్ సెల్స్ వరసగా కలిపి ఉంటాయి. మామూలు వోల్టేజి 7.2, నిండా చార్జ్ చేస్తే 8.4. సగం వాడాక సుమారు 7.4 ఉందనుకోండి. వరసగా ఫొటోలు తీసేటప్పుడు ఫోకస్ మోటారు, షట్టర్, ప్రాసెసర్, కార్డు అన్నీ ఒకేసారి కరెంటు అడుగుతాయి. ఆ క్షణంలో 2 ఆంపియర్లు లాగాయనుకుందాం. నిరోధం 0.15 ఓమ్‌లైతే 0.3 వోల్టులు పడిపోయి 7.1 మిగులుతుంది, పని సాగుతుంది. అదే 0.6 ఓమ్‌లైతే 1.2 వోల్టులు పోయి 6.2కి దిగుతుంది. కెమెరా అది చూసి బ్యాటరీ అయిపోయిందనుకుని ఆగిపోతుంది. కరెంటు లాగడం ఆగగానే వోల్టేజి మళ్లీ లేస్తుంది. ఆ ఉదయం నాకు మళ్లీ సగం కనబడింది అందుకే.

చలిలో ఇది ఇంకా ముదురుతుంది. సెల్ లోపల అయాన్లు ఈదే ద్రవం చిక్కబడి నిరోధం పెరుగుతుంది. లంబసింగి, వంజంగి పొగమంచు కోసం వెళ్లేవాళ్లు స్పేర్ బ్యాటరీని చొక్కా లోపలి జేబులో పెట్టుకోవడం అందుకే. ఒంటి వేడే దానికి దుప్పటి.

ఇక లేబుల్ మీది అంకె సంగతి. కెనాన్ ఎల్‌పీ-ఈ6 బ్యాటరీ 2008లో వచ్చింది, 1800 ఎంఏహెచ్. అదే కొలతల డబ్బాలో 2014లో ఎల్‌పీ-ఈ6ఎన్, 1865. 2020లో ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్, 2130. పన్నెండేళ్లు కష్టపడితే అంత పెద్ద కంపెనీకి అదే డబ్బాలో పెరిగింది 330. అలాంటప్పుడు మూడో వంతు ధరకి దొరికే బ్యాటరీ మీద 2600 అనో 3000 అనో కనిపిస్తే నేను నమ్మను. కెనాన్ కంపెనీయే 2024లో ఎల్‌పీ-ఈ6పీ తెచ్చినప్పుడు సామర్థ్యం 2130 దగ్గరే ఉంచి, ఎక్కువ కరెంటు ఇవ్వగలిగేలా మార్చింది. కెనాన్ ఆర్5 మార్క్ 2 కెమెరాలో పాత బ్యాటరీ వేస్తే కొన్ని ఫీచర్లు పనిచేయవు. అంటే తయారుచేసేవాళ్ల దృష్టి కూడా ట్యాంకు మీది నుంచి పైపు మీదికి మళ్లిందన్నమాట.

మనం డబ్బు పెట్టేది కంటికి కనబడని వాటికి. సెల్ లోపల గ్రాఫైట్ పూసిన రాగి రేకు, లోహ ఆక్సైడ్ పూసిన అల్యూమినియం రేకు పొరలు పొరలుగా ఉంటాయి. రెండూ తగలకుండా మధ్యన వెంట్రుక కంటే సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాన్ని సెపరేటర్ అంటారు. దానికి చిల్లు పడితే షార్టయి నిప్పు పుడుతుంది. 2006లో సోనీ తయారుచేసిన ల్యాప్‌టాప్ బ్యాటరీల్లో లోహపు నలుసులు చేరాయని లక్షల సంఖ్యలో వెనక్కి పిలిపించారు. 2016లో శామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లు అంటుకున్నదీ సెల్ డిజైన్, తయారీ లోపాల వల్లే. పెద్ద కంపెనీలకీ తప్పు జరుగుతుంది. కాకపోతే వాళ్లని నిలదీయొచ్చు, సరుకు వెనక్కి తీసుకుంటారు. ఊరూ పేరూ లేని బ్యాటరీని వెనక్కి పిలిచేవాడెవడు?

సెల్స్‌తో పాటు చిన్న సర్క్యూట్ బోర్డు ఒకటి ఉంటుంది. చార్జింగ్ హద్దు దాటినా, మరీ అడుగంటినా, షార్టయినా అది తెంచేస్తుంది. వేడి కొలిచే థర్మిస్టర్ కూడా ఉంటుంది. చవక బ్యాటరీల్లో ముందు కోత పడేది వీటికే. కెమెరాతో మాట్లాడే చిప్ సంగతి వేరు, అది లేకపోతే శాతం సరిగ్గా చూపించదు, కొన్ని కెమెరాలైతే ఆ బ్యాటరీని అసలు ఒప్పుకోవు. 2009లో పానసోనిక్ ఒక ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్‌తో వేరే కంపెనీ బ్యాటరీలు తన కెమెరాల్లో పనిచేయకుండా చేసింది కూడా.

అలాగని వేరే కంపెనీవన్నీ చెత్త అనను. సొంత పేరు, వారంటీ, నిజాయితీగా రాసిన అంకె ఉన్నవి రోజువారీ పనికి బాగానే సరిపోతాయి. నా కోపమంతా మూడో రకం మీద, అంటే ఒరిజినల్ లేబుల్ అతికించుకుని వచ్చే నకిలీల మీద. వాటికి ఒరిజినల్ ధరే ఇస్తాం, లోపల ఏముందో తెలియదు. కొనేముందు అరచేతిలో పెట్టుకుని తూచి చూడండి. ఎల్‌పీ-ఈ6ఎన్ సుమారు 80 గ్రాములుంటుంది. అంతకంటే తేలిగ్గా అనిపిస్తే దించేయండి. భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తు కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉందేమో చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. అది ఏ తయారీదారు పేరు మీద ఉందో అక్కడే తెలుస్తుంది.

హార్బర్‌లో మొరాయించిన ఆ బ్యాటరీని అయినా వాడుతూనే వచ్చాను. మే నెలలో ఓ మధ్యాహ్నం బీచ్ రోడ్డు మీద ఎండలో నిలిపిన కారులో కెమెరా సంచి వదిలేశాను. సాయంత్రం చూస్తే బ్యాటరీ బయటికి రాదు. గడియ తీసినా కదల్లేదు. లోపల వాయువు పుట్టి ఉబ్బింది. అడుగున సెల్లోటేప్ అతికించి, అటూ ఇటూ ఆడిస్తూ లాగితే పావుగంటకి వచ్చింది. పక్కలు పూరీలా పొంగి, అంచు దగ్గర ప్లాస్టిక్ అతుకు విడిపోయి ఉంది. అలాంటిదాన్ని మళ్లీ చార్జింగ్ పెట్టకూడదు, గుచ్చకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. కరెంటు కొసల (టెర్మినల్స్) మీద టేపు వేసి, ఇసక పోసిన బిస్కెట్ డబ్బాలో బాల్కనీలో ఉంచి, తర్వాత ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకి అప్పగించాను.

ఇప్పుడు నా సంచిలో రెండు ఒరిజినల్స్, పేరున్న వేరే కంపెనీది ఒకటి ఉన్నాయి. మూడింటి మీదా కొన్న నెల మార్కర్‌తో రాసుకున్నాను. కొన్నాళ్లు వాడనప్పుడు సగం చార్జితో బీరువాలో పెడతాను. మన ఉప్పుగాలికి కొసలు మసకబారతాయి కాబట్టి అప్పుడప్పుడు పొడిగుడ్డతో తుడుస్తాను. ఆర్కే బీచ్‌లో నేవీ విన్యాసాలకి హెలికాప్టర్ల కోసం కెమెరాలో ఉండేది ఒరిజినలే. కైలాసగిరి మీద స్టాండు వేసి, నిమిషానికో ఫొటో చొప్పున చీకటి పడేదాకా తీసేటప్పుడు వేరే కంపెనీది వేస్తాను. ఆ పనికి ధార సన్నగా వచ్చినా చాలు.