కొట్టు మూసినా వణుకు ఆగలేదు

బెల్టు షాపుల గొడవ మళ్లీ మొదలైంది, దాంతోపాటే 1992లో ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ నెల్లూరు జిల్లా దూబగుంట పేరూ. ముందు నిలబడ్డ రోసమ్మ, చదువు నేర్పిన అక్షరదీపం కార్యక్రమం, ఆగిపోయిన సారా వేలంపాటలు... నెల్లూరు వాళ్లకు ఆ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరులో రాష్ట్రమంతటా సారా పోయింది. 1995లో వచ్చిన సంపూర్ణ నిషేధం 1997లో పోయింది. ఇక్కడికి చాలు. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే చూడాల్సింది దూబగుంట కాదు, కురిచేడు.

2020 జూలై ఆఖరు. కరోనా కేసులు పెరిగి ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం షాపులు మూసేశారు. రేట్లు పెంచితే తాగుడు తగ్గుతుందని ప్రభుత్వం అంతకుముందు మే నెలలోనే ధరలు 75 శాతం పెంచేసింది. మందు దొరకని వాళ్లు శానిటైజర్‌ను నీళ్లలో, కూల్‌డ్రింకులో కలుపుకుని తాగారు. పదిమందికి పైగా పోయారు. గుడి దగ్గర అడుక్కునేవాళ్లు కూడా వాళ్లలో ఉన్నారు. బుద్ధి లేకపోతే సరి, శానిటైజర్ తాగుతారా అన్నారు జనం.

బుద్ధి సంగతి తర్వాత. పొద్దున్నే టీ కొట్టు దగ్గర గ్లాసును రెండు చేతులతో పట్టుకున్నా తొణికిపోయి, చివరికి బల్ల మీదే పెట్టి వంగి తాగే మనిషిని చూశారా? ఏళ్ల తరబడి రోజూ పడే మందు మెదడును మందగింపజేస్తుంటే, తట్టుకోవడానికి మెదడు తన జోరు పెంచుకుంటుంది. ఉన్నట్టుండి మందు ఆగితే ఆ జోరుకు పగ్గం ఉండదు. కొన్ని గంటల్లో వణుకు, చెమటలు. ఒకటి రెండు రోజుల్లో కొందరికి ఫిట్స్. రెండో రోజు దాటాక కొందరు గోడ మీద పురుగులు పాకుతున్నాయని అరుస్తారు. ఇంట్లోవాళ్లు గాలి సోకిందనుకుంటారు. సరైన వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు.

1992లో ఆడవాళ్లు ఆసుపత్రి మంచం అడగలేదు. గుమ్మం దాకా సారా పాకెట్ వస్తుంటే ముందు ఆపాల్సింది దాన్నే. అందులో తప్పు పట్టను. ప్రభుత్వాలే కొట్టు దగ్గర ఆగిపోయాయి. 2019లో ప్రభుత్వ షాపులు, 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటు షాపులు, 99 రూపాయల క్వార్టర్. చవగ్గా మంచి సరుకిస్తే నాటుసారా జోలికి పోరని సర్కారు వాదన. ఉండొచ్చు. పొద్దున్నే వణికే చేతికి అది జవాబు కాదు.

ఆ జవాబు డాక్టర్ల దగ్గర ఉంది. మొదటి వారం వణుకును, ఫిట్స్‌ను అదుపులో పెట్టే మాత్రలు, బి1 విటమిన్. ఆర్‌ఎంపీ ముందుగా ఎక్కించేది గ్లూకోజు బాటిలే గానీ, బి1 లేకుండా అది ఎక్కిస్తే మెదడుకు చేటు. తర్వాత తాగాలనే యావ తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి, నెలల తరబడి కౌన్సెలింగ్. నెల్లూరు పెద్దాసుపత్రిలో, ఒంగోలు రిమ్స్‌లో మానసిక వైద్య విభాగాలున్నాయి. 14446కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

కురిచేడు నుంచి ఒంగోలు వెళ్లాలంటే కూలి పోగొట్టుకోవాలి, పైగా పిచ్చాసుపత్రికి పోయాడన్న మాట పడాలి. అందుకే చాలామంది ఇల్లాళ్లు ఎవరో ఇచ్చిన డైసల్ఫిరామ్ మాత్రను నూరి, మొగుడికి తెలియకుండా పప్పులో కలుపుతారు. అది తిన్నవాడు ఆ రాత్రి మందు కొడితే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం. తాగింది ఎక్కువైతే ప్రాణం మీదికే వస్తుంది. ఎందుకలా అయిందో వాడికి తెలియదు, డాక్టరుకు చెప్పడానికి ఆమెకు భయం.