పశువు తృప్తి, మనిషి దురాశ: అపోహలు - వాస్తవాలు

గుంటూరు చుట్టుపక్కల పల్లెల్లో పశువైద్యుడిగా పనిచేస్తూ రైతుల నోటా, చదువుకున్నవారి నోటా తరచుగా వినే మూడు మాటలను ఇక్కడ పరిశీలిస్తున్నాను.

అపోహ: కడుపు నిండిన పశువు గడ్డిపోచ కూడా ముట్టదు, హద్దు తెలియనిది మనిషి ఆశే.

వాస్తవం: పెళ్లి జరిగిన మర్నాడు మాకు వచ్చే ఫోన్లే దీనికి సమాధానం. మిగిలిన అన్నం పారబోయడానికి మనసొప్పక గేదె ముందు గంపలకొద్దీ పోస్తారు, అది ఆగకుండా తింటుంది. ఆ అన్నం పెద్దపొట్టలో పులిసి లాక్టిక్ ఆమ్లం పుడుతుంది. పీహెచ్ అంటే పులుపును తెలిపే కొలత, అది తగ్గేకొద్దీ పులుపు పెరిగినట్టు; అక్కడ మామూలుగా 6 - 7 మధ్య ఉండే ఆ పీహెచ్ 5 కంటే దిగువకు పడిపోతుంది. వేళకు వైద్యం అందకపోతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. పీచు ఎక్కువగా ఉండే గడ్డి మేసేటప్పుడు పొట్ట నిండడమే మేతను ఆపుతుంది; అన్నం దగ్గర ఆ అడ్డు చాలదు. ప్రవృత్తి ఏ పరిసరాలలో రూపుదిద్దుకున్నదో అక్కడే చక్కగా పనిచేస్తుంది, దానిని వివేకమని పొరబడకూడదు. తీపి అరుదుగా దొరికిన కాలంలో మన పూర్వులకు మేలు చేసిన మక్కువ, వీధికొక మిఠాయి దుకాణం ఉన్న నేడు మనకు చేటు చేయడమూ ఈ కోవలోనిదే.

అపోహ: అదుపు లేని కామం పశువాంఛ.

వాస్తవం: ఆవు సుమారు 21 రోజులకొకసారి ఎదకు, అంటే జతకట్టడానికి సిద్ధమయ్యే స్థితికి, వస్తుంది, ఆ ఎద 12 - 18 గంటలు ఉంటుంది, ఎదలో లేని ఆవు ఆబోతుకు నిలబడదు. మనిషి కోరికకు ఇటువంటి రుతువు లేదు. అత్యాచారాన్ని పశుత్వం అనడం నాకు బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఆ మాట మనిషి తెలిసి చేసిన పనిని ప్రవృత్తి ఖాతాలో వేస్తుంది.

అపోహ: పశువుది పుట్టుకతో వచ్చిన ప్రవృత్తి, మనిషిది నేర్చుకున్న కోరిక.

వాస్తవం: పుట్టిన దూడ పొదుగు వెతుక్కోవడానికి ఎవరూ నేర్పనక్కరలేదు. కానీ పాలు పితికే వేళ బిందె చప్పుడు వినగానే గేదె చేపడం అలవాటు వల్ల వచ్చినది. ఆ చప్పుడుకే దాని మెదడు నుంచి పాలు దిగేలా చేసే ఆక్సిటోసిన్ అనే హార్మోన్ విడుదలవుతుంది. నేర్వడం ఇద్దరికీ ఉంది, తేడా మరొకచోట ఉన్నది. సంక్రాంతికి, తిరునాళ్లకు జరిగే బండలాగుడు పోటీలలో ఒంగోలు ఎడ్లు లాగుతాయి. బండ లాగడం అయ్యాక వాటికి కావలసినవి నీళ్లు, మేత, నీడ. యజమాని కోరుకునేది పది ఊళ్లవారి నోట తన జత పేరు, అంటే ఇతరుల మనసుల్లో తప్ప మరెక్కడా లేని వస్తువు. ఆ పేరు కోసం పొలం తాకట్టు పెట్టిన రైతు ఒకాయన, ఒక ఎద్దు కాలి గాయానికి నేను కట్టు కడుతుండగా, "డాక్టరుగారూ, ఈ పిచ్చి నాకు వదిలితే బాగుండునండీ" అన్నాడు. కోరిక తనలో ఉండగానే అది తనకు వద్దని కోరుకుంటున్న మనిషిని అప్పుడు చూశాను. ఆ ఎద్దు మాత్రం కట్టు పూర్తికాకముందే మేత వైపు మెడ చాచింది.